నోరీన్‌కూ పిట్టకూ పడని వసంతం

సాల్టర్స్ గలీ బడిలో పిల్లలు, పంతుళ్లు, తల్లిదండ్రులు, తోటకు నీళ్లు పెట్టేవాళ్లు, ఊరికే వచ్చి కాసేపు కూర్చుని పోయేవాళ్లు కలిపి బోలెడుమంది జనం. అంతమందిలోనూ ఆ మాగ్‌పై పిట్ట పగబట్టింది ఒక్క నోరీన్ ట్రెగెంజా మీదే.

పొద్దున్నే కారు తలుపు తీసి ఆవిడ ఒక కాలు నేల మీద పెట్టీ పెట్టకముందే, పచ్చిక మైదానం అంచున ఉన్న యూకలిప్టస్ చెట్టు మీంచి అది బయల్దేరేది. కాకి కన్నా కాస్త చిన్నది, నలుపూ తెలుపూ. ముందుగా ఒక్క అరుపైనా అరవదు. చెవి పక్క రెక్కల గాలి తగిలేసరికే ముక్కు టపీమని నెత్తిన దిగి ఉంటుంది. నోరీన్ హ్యాండ్‌బ్యాగు తల మీద బోర్లించుకుని, అరవై దాటిన మోకాళ్లతో ఆఫీసు మెట్ల దాకా పరుగు తీసేది. ఆ పక్కనే మూడో తరగతి పిల్లలు చెప్పుల్లేని కాళ్లతో నిమ్మళంగా నడిచిపోతుంటే వాళ్ల జోలికి పోయేదే కాదు.

"మీరంటే దానికెందుకంత కోపం, నోరీన్ మిస్?" అని పిల్లలు అడిగేవాళ్లు.

"నిరుడు దాని పిల్లని కాపాడాను కదమ్మా, అందుకు," అనేది ఆవిడ, జుట్టులోంచి పుల్లలు ఏరుకుంటూ.

ఎత్తిపొడుపులా వినిపించినా అది అక్షరాలా నిజం. నిరుడు వసంతంలో ఈదురుగాలికి గూట్లోంచి పిల్లపిట్ట ఒకటి పచ్చికలో పడింది. వేరే బడిలో అయితే ఎవరో ఒకరు వెళ్లి తీసేవారు. సాల్టర్స్ గలీది వాల్డార్ఫ్ పద్ధతి. అక్కడ దేన్నయినా ముందు ఆశ్చర్యంతో చూడాలి, తరవాత కృతజ్ఞతతో చూడాలి, ఆ తరవాత వ్యవధి మిగిలితే ఏదైనా చెయ్యాలి. మూడో తరగతి అంతా పిల్లపిట్ట చుట్టూ గుండ్రంగా నిలబడి పాట ఎత్తుకుంది. రెండో చరణానికి పిట్ట కళ్లు మూతలు పడసాగాయి. ఆఫీసు కిటికీలోంచి చూస్తున్న నోరీన్‌కి ఒళ్లు మండి, గిన్నెలు తుడిచే గుడ్డ పట్టుకొచ్చి, పిల్లని అందులో చుట్టి, బకెట్లో పెట్టి, నిచ్చెనెక్కి ఆ బకెట్‌ని కొమ్మకు కట్టేసింది. పిల్ల బతికింది, రెక్కలొచ్చి ఎగిరిపోయింది. అయితే పైనుంచి చూస్తున్న తండ్రిపిట్టకు కనిపించింది మాత్రం వేరు. ఫలానా ముఖం గల ఆడమనిషి తన బిడ్డను గుడ్డలో మూటకట్టింది. ఈ పిట్టలు ముఖాలు మరిచిపోవు. దాని దృష్టిలో పాట పాడినవాళ్లు మర్యాదస్తులు, పని చేసినావిడ దొంగ. ఈ రకం తీర్పు పిట్టలే ఇస్తాయనుకోనక్కర్లేదు.

నోరీన్ దానికి ఇన్‌స్పెక్టరు అని పేరు పెట్టింది. నేల మీద నడిచేటప్పుడు అది చేతులు వెనక్కి కట్టుకుని తనిఖీకి వచ్చినవాడిలాగే ఉండేది.

ఆవిడ పుట్టింది యార్క్ ద్వీపకల్పంలో, గోధుమ రైతుల ఇంట. తాతముత్తాతలు రాగి గనుల్లో పనికని ఇంగ్లండు పడమటి కొస నుంచి ఓడెక్కి వచ్చిన కార్నిష్ జనం. కోతలు అయ్యాక తండ్రి ఉన్ని కత్తిరించే కొట్టంలో అకార్డియన్ మెడకు తగిలించుకుని వాయిస్తుంటే చుట్టుపక్కల పొలాల వాళ్లంతా దుమ్ము లేచేలా చిందులేసేవారు. ఆ పెట్టె, ఆ పోల్కా బాణీలు నోరీన్‌కి దక్కాయి. పెళ్లి చేసుకుని అడిలైడ్ కొండల్లోకి వచ్చింది; పెళ్లి పోయింది, కొండలు మిగిలాయి. బడి ఆఫీసులో ఫోనెత్తడం, చెక్కుకుపోయిన మోకాళ్లకు పట్టీలు వెయ్యడం, తప్పిపోయిన మేజోళ్లకు జోడీలు వెతకడం ఆవిడ ఉద్యోగం. బడి సిద్ధాంతాలతో పేచీ పెట్టుకోలేదు, వాటిని నమ్మనూ లేదు. ఇంట్లో పెద్ద టీవీ, శనివారం దాన్లో ఫుటీ అనే ఫుట్‌బాల్ ఆట. బడి ఆవరణలో మాంసం నిషేధం కాబట్టి, మధ్యాహ్నం కారులో కూర్చుని అద్దాలు ఎత్తేసి సాసేజ్ రోల్ తినేది.

అలాంటి మనిషికీ బడిలో ఒక పట్టు ఉంది. సెప్టెంబరు ఆఖర్లో వసంతోత్సవం. మైదానం మధ్యలో పొడవాటి గుంజ పాతి, దాని తల నుంచి రంగురంగుల రిబ్బన్లు వేలాడదీస్తారు. అయిదో తరగతి పిల్లలు తలో రిబ్బను పట్టుకుని, సగం మంది అటు, సగం మంది ఇటు, ఒకరి కింద ఒకరు దూరుతూ తిరిగితే గుంజ చుట్టూ జడ అల్లుకుంటుంది. యూరప్‌లో మే నెలలో ఆడే ఆట ఇది. ఇక్కడ, దక్షిణార్ధగోళంలో, మేలో చలికి వణుకుతూ ఉంటారు గనక సెప్టెంబరులో ఆడతారు, పేరు మాత్రం మేపోల్, అంటే మే నెల గుంజ, అనే ఉంచారు. ఆ ఆటకు అకార్డియన్ నోరీన్‌దే. బడిలో రికార్డు చేసిన సంగీతం పెట్టరు. తాళం ఒక్క రవ్వ తడబడినా జడ చిక్కుపడుతుంది. ఏడాది పొడుగునా "కాసేపు ఆగండి, పిలుస్తాను" అంటూ ఫోన్లో బతికే మనిషి, ఆ ఒక్క పూట ఇంతమంది కాళ్లను తన చేతివేళ్ల మీద నడిపించేది. ఆ పూట కోసమే ఆవిడ మిగతా ఏడాది ఓర్చుకునేదేమో కూడా.

ఇప్పుడా పూట చేజారేట్టుంది. గుంజ పాతే గుంటకి సిమెంటు పోసి ఏళ్లయింది, అది సరిగ్గా ఇన్‌స్పెక్టరు చెట్టుకి ఎదురుగా ఉంది.

గురువారం సమావేశంలో ఈ సంగతి చర్చకొచ్చింది. ఆ బడికి హెడ్‌మాస్టరు లేడు. పంతుళ్లంతా గుండ్రంగా కూర్చుని, మధ్యలో తేనెమైనం కొవ్వొత్తి వెలిగించి, కాసేపు మౌనం పాటించి మాట్లాడతారు. అందరూ ఒప్పుకుంటేనే నిర్ణయం. అందుకే సాధారణంగా నిర్ణయాలుండవు, కొవ్వొత్తులే అయిపోతుంటాయి.

"మునిసిపాలిటీకి ఫోన్ చేస్తే మనిషొచ్చి పిట్టని పట్టుకెళ్లి దూరంగా వదిలేస్తాడు," అంది నోరీన్.

అయిదో తరగతి పంతులు పియర్స్ ఆంబర్లీ కళ్లు మూసుకున్నాడు. పొడుగాటి మనిషి, నార చొక్కాలు వేస్తాడు. ప్రతి మాటనూ నోట్లో నానబెట్టి గానీ బయటికి వదలడు. "నోరీన్... ఆ పక్షి... మనకంటే ముందు నుంచీ ఇక్కడ ఉంది. అది మనతో ఏం చెప్పాలనుకుంటోందో... మనం విన్నామా?"

"నెత్తి మీద చెప్తోంది నాయనా. బాగానే వినబడుతోంది."

"పోనీ, ఐస్‌క్రీం డబ్బా పెట్టుకుంటాను," అందావిడ మళ్లీ. దేశమంతటా జనం చేసేది అదే. ఖాళీ ఐస్‌క్రీం డబ్బా నెత్తిన బోర్లించుకుని, వెనకవైపు రెండు పెద్ద కళ్లు గీస్తే, తనను చూస్తున్నారనుకుని పిట్ట వెనక్కి తగ్గుతుంది.

గుండ్రంగా కూర్చున్న వాళ్లందరూ ఒకేసారి ఊపిరి పీల్చారు. వసంతోత్సవంలో ప్లాస్టిక్!

అప్పుడు చేతిపనుల టీచరు అన్నలీస్ బ్రాడ్‌బెక్ ముందుకొచ్చింది. గొర్రె ఉన్నిని సబ్బునీళ్లలో తడిపి, పిసికి, అదిమి, మందపాటి టోపీ తను చేసిపెడతానంది. అంతా సంతోషించారు. కొవ్వొత్తి ఆర్పేశారు.

టోపీ చూడముచ్చటగా వచ్చింది. తేనెరంగు, చెవుల దాకా దిగుతుంది. నోరీన్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"కళ్లేవి, అన్నలీస్?"

"కళ్లు పెట్టలేదు."

"అసలు పని చేసేవే అవి కదా!"

"నోరీన్, మన బొమ్మలకి ముఖాలు కుట్టం. నీకు తెలుసు కదా. ముఖం గట్టిగా గీసేస్తే ఊహకి చోటుండదు. చూసేవాళ్లు తమ లోపల్నుంచి ఆ కళ్లని కల్పించుకోవాలి."

"పిల్లలంటే కల్పించుకుంటారు తల్లీ. అదేం కల్పించుకుంటుంది? దానికి ఊహాశక్తి ఉందని ఎవరన్నారు?"

అన్నలీస్ నొచ్చుకుంది. "లేదని ఎవరన్నారు?"

దీనికి జవాబు ఇన్‌స్పెక్టరే ఇచ్చింది. మర్నాడు నోరీన్ ఆ టోపీ పెట్టుకుని, అకార్డియన్ మెడకు తగిలించుకుని, అయిదో తరగతి అంతా చూస్తుండగా గుంజ దగ్గరికి నడిచింది. పిట్ట వచ్చింది. పొడవలేదు. టోపీ మీద దర్జాగా వాలింది. వసంతకాలమంటే గూళ్లు కట్టే కాలమని, గూటికి పిట్టలు వెతుక్కునేది మెత్తటి ఉన్నేనని ఆ బడిలో ప్రతి బిడ్డా పాటలో పాడుతూనే ఉంటుంది. టోపీ పిసికినవాళ్లకే ఆ పాట గుర్తు రాలేదు. ఇన్‌స్పెక్టరు ఒక పీచు లాగింది, బలంగా, రెండు కాళ్లూ ఆనించి. అది చూసి తోటలోని చిన్నపిట్టలన్నీ దిగాయి. నోరీన్ చుట్టూ రెక్కలే. పిల్లలు కడుపులు పట్టుకుని నవ్వారు. ఆఫీసు మెట్లెక్కేసరికి ఆవిడ నెత్తిన మిగిలింది టోపీ అంచు, అదీ ఒక పక్కే.

"చూశావా," అంది అన్నలీస్ తడి కళ్లతో, "ఎంత ప్రేమగా స్వీకరించాయో."

దాంతో సమావేశం మళ్లీ కూర్చుంది. ఈసారి ఒక తండ్రి, లూడో ఫేర్‌వెదర్, తన వాయిద్యంతో సహా వచ్చాడు. రెండు ఇనపమూకుళ్లని ఎదురెదురుగా పెట్టి అతికించినట్టుంటుంది అది. వేళ్లతో తడితే నీటిలో గంట మోగినట్టు వినబడుతుంది. లూడో మంచివాడు. ఎవరికీ కోపం తెప్పించలేడు, అదే ఒళ్లుమండే సంగతి.

"నోరీన్, నేను నీ చోటు తీసుకోవడం లేదు," అన్నాడు మెత్తగా. "నీ చోట్లో కాసేపు ఉంటానంతే."

"ఉండి?"

"ప్రవాహం ఎటు పోతే అటు పోదాం."

"గుంజ చుట్టూ ప్రవాహం పోకూడదు బాబూ. పిల్లలు పోవాలి. ఎడమ, కుడి, ఎడమ, కుడి."

ఆశ్చర్యంగా, ఈ విషయంలో అందరూ ఒప్పుకున్నారు. లూడో వాయిస్తాడు.

సాధన జరుగుతుంటే నోరీన్ కిటికీ దగ్గర నిలబడి చూసింది. టుం... అని మోగించి లూడో కళ్లు మూసుకున్నాడు. పిల్లలు ఒక అడుగు వేసి, రెండో అడుగుకి ఎదురుచూశారు. అది రాలేదు. కొందరు ఓపిక పట్టలేక వేసేశారు, కొందరు పైకి చూస్తూ ఉండిపోయారు. కాసేపటికి ఒకమ్మాయిని గుంజకి నడుము దగ్గర కట్టేసినట్టయింది, ఇద్దరు అబ్బాయిలు ఒకే రిబ్బన్లో కవలల్లా బిగుసుకున్నారు. కత్తెర తెచ్చి విడిపించారు.

"ఎంత సజీవంగా ఉంది," అన్నాడు పియర్స్.

నోరీన్ కిటికీ మూసేసి, కారులోకి వెళ్లి, అద్దాలు ఎత్తి, సాసేజ్ రోల్ బయటికి తీసింది. ఏడవకూడదనుకుంది కాబట్టి పెద్ద ముక్క కొరికింది. బానెట్ మీద టక్కుమని చప్పుడైంది. ఇన్‌స్పెక్టరు. అద్దానికి అవతల నిలబడి, తల పక్కకి వాల్చి చూస్తోంది. ఆవిడ ముఖాన్ని కాదు. రోల్‌ని.

నోరీన్ నమలడం ఆపింది. రోల్‌ని ఎడమకు జరిపింది. పిట్ట తల ఎడమకు తిరిగింది. కుడికి జరిపింది. కుడికి తిరిగింది.

"ఓహో," అంది నోరీన్. "అలా చెప్పు మరి."

అద్దం కొద్దిగా దించి ఒక ముక్క బయటికి వేసింది. ఇన్‌స్పెక్టరు దిగి, చుట్టూ చూసి, లంచం పుచ్చుకుంది.

ఆ సాయంత్రం ఆవిడ కసాయి కొట్టుకి వెళ్లి గొడ్డుమాంసం ఖీమా కట్టించుకుంది. మర్నాటి నుంచి పిల్లలు రాకముందే ఆఫీసు వెనక కొంచెం కొంచెంగా పెట్టసాగింది. మొదట విసిరేది, తరవాత జారవిడిచేది, ఆ తరవాత చేతిలోనే పట్టుకునేది. వారం తిరిగేసరికి అది పొడవడం మానేసి ఆవిడ వెనకే నడవడం మొదలెట్టింది. ఒకరోజు పియర్స్ ఆ దారినే వచ్చాడు. నోరీన్ గుప్పిలి బిగించింది.

"ఏం చేస్తున్నావు, నోరీన్?"

"వింటున్నాను. నువ్వే కదా వినమన్నావు."

పియర్స్ గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "ఏమంటోంది?"

"ఆకలేస్తోందట."

"మనందరికీనూ," అన్నాడు పియర్స్ గాఢంగా, కదిలిపోతూ. ఆ గురువారం కొవ్వొత్తి ముందు, నోరీన్ చేసిన అంతరంగ సాధన గురించి చాలాసేపు మాట్లాడాడు. లూడో ఆవిడను కౌగిలించుకుని ప్రవాహం వెనక్కి తిరిగిందన్నాడు. అకార్డియన్ మళ్లీ నోరీన్‌దయింది. తన చోటు తనకొచ్చింది. అది ఎవరి పుణ్యమో తేల్చడం ఫోనెత్తే మనిషి పని కాదు.

ఉత్సవం రోజు ఎండ బాగా కాసింది. పిల్లలూ పెద్దలూ నెత్తిన పూలకిరీటాలతో, మైదానం నిండా దుప్పట్లు పరుచుకుని కూర్చున్నారు. పియర్స్ ఒక నిలువెత్తు కర్రకి పూలూ రిబ్బన్లూ కట్టి పట్టుకుని వసంతానికి స్వాగతం చెప్పాడు. స్వాగతం సాగింది, సాగింది. వసంతం వెళ్లిపోతుందేమో అనిపించేంత దాకా సాగింది. ఆ హడావిడిలో నోరీన్ పొద్దుటి మేత పెట్టడం కుదరలేదు. పొట్లం కాళ్ల దగ్గర హ్యాండ్‌బ్యాగులో ఉండిపోయింది.

పెట్టె విచ్చుకుంది, పోల్కా ఎత్తుకుంది. ఎడమ, కుడి, ఎడమ, కుడి. పిల్లలు రిబ్బన్లతో కదిలారు, జడ గుంజ తల నుంచి చక్కగా దిగసాగింది. నోరీన్ ముఖంలో ఏడాది మొత్తం కనిపించని వెలుగొకటి వచ్చింది.

అప్పుడే ఇన్‌స్పెక్టరు దిగింది. చేతులు వెనక్కి కట్టుకుని పచ్చిక మీద నడిచి వచ్చింది. జనం ముచ్చటపడి "ఆ..." అన్నారు. పియర్స్ కళ్లు తుడుచుకున్నాడు. పిట్ట నోరీన్ ముఖంలోకి చూసింది, చేతుల్లోకి చూసింది. రెండు చేతులూ పెట్టె మీదే ఉన్నాయి. బూటు లేసు లాగి చూసింది. ఆవిడ కాలు తాళం వేస్తూనే ఉంది. ఇక సహనం అయిపోయి బ్యాగులోకి తల దూర్చింది.

"ఒద్దురా, ఒద్దురా," అని నోరీన్ పళ్ల బిగువున అంది, తాళం తప్పకుండా.

పొట్లం బయటికొచ్చింది. కాగితం చిరిగింది. ఎర్రటి గొడ్డుమాంసం ఖీమా, నూటికి నూరుపాళ్లు శాకాహారమైన ఆ పచ్చిక మీద, పూలకిరీటాలన్నీ చూస్తుండగా పరుచుకుంది. ముందు వరుసలో ఒక తల్లి చిన్నగా కేక వేసింది.

జడ ఇంకా సగంలో ఉంది. ఆపి, వంగి, పొట్లం బ్యాగులో తోసేసి, పిట్ట ఎక్కణ్ణుంచో ఎత్తుకొచ్చిందని చెప్పొచ్చు. నమ్మడానికి సిద్ధంగా ఉన్న జనమే. ఆపితే మాత్రం రిబ్బన్లు చిక్కుపడతాయి, మళ్లీ కత్తెర వస్తుంది. నోరీన్ పియర్స్ ముఖం వైపు చూసింది. అది రంగులు మారుతోంది. ఆవిడ పిల్లల కాళ్ల వైపు తిరిగి, వేగం పెంచింది. పిల్లలు కిలకిల నవ్వుతూ దూరారు, లేచారు, తిరిగారు. చివరి రిబ్బను గుంజ నడుం మీద అతుక్కునే దాకా ఆవిడ చెయ్యి ఎక్కడా తడబడలేదు. ఒక్క చిక్కు లేదు.

చప్పట్లు సగం చోట్ల మోగి సగం చోట్ల ఆగాయి. పియర్స్ పూలకర్ర పట్టుకుని పెద్ద పెద్ద అంగలతో బయల్దేరాడు. గాలికి రిబ్బన్లు ఎగిరే నిలువెత్తు కర్ర, దాన్ని పట్టుకున్న నిలువెత్తు మనిషి, తిన్నగా తన పళ్లెం మీదికి రావడం ఇన్‌స్పెక్టరు చూసింది. మరుక్షణం పియర్స్ పూలకిరీటం గాల్లో ఉంది. పిట్ట ఇంకోసారి దూకేసరికి అతను కర్ర పడేసి, వచ్చిన దారినే మరింత పెద్ద అంగలతో వెనక్కి పోయాడు.

"నేను చూస్తానుండండి," అని లూడో తన ఇనపమూకుళ్ల వాయిద్యాన్ని నెత్తి మీద గొడుగులా పట్టుకుని వంగి వంగి వచ్చాడు. పిట్ట ముక్కుతో కొట్టింది. టంగ్, టంగ్, టంగ్. అతని వాయిద్యం అంత నికరమైన తాళంలో పలకడం ఆ బడి వినడం అదే మొదలు. అతనూ వెనుదిరిగాడు.

"నోరీన్!" దూరంగా దుప్పట్ల అవతల నుంచి పియర్స్ అరిచాడు. మాటలు నానబెట్టే తీరిక లేదిప్పుడు. "అది మాంసమా?"

"ఖీమా!" అని ఆవిడా అరిచింది.

"వారాల తరబడి ఇదేనా? మరి ఆ సాధన?"

"రోజూ పొద్దున్నే చేశాను నాయనా, ఒక్కరోజు మానలేదు!"

జనంలో ఎవరో పక్కుమన్నారు. ఎవరా అని చూస్తే అన్నలీస్, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఊగిపోతోంది.

"దీని గురించి మాట్లాడుకోవాలి!" అని మళ్లీ అరిచాడు పియర్స్.

"రా మరి, మాట్లాడుకుందాం!"

పియర్స్ ఒక అడుగు ముందుకేశాడు. ఇన్‌స్పెక్టరు తినడం ఆపి తలెత్తింది. పియర్స్ ఆ అడుగు వెనక్కి తీసుకున్నాడు.

గుంజ దగ్గర పిల్లలు ఇంకా రిబ్బన్లు పట్టుకునే నిలబడి ఉన్నారు. అల్లింది విప్పాలి, విప్పాలంటే వచ్చిన దారినే వెనక్కి తిరగాలి, తిరగాలంటే మళ్లీ పాట కావాలి. ఆ పాట వాయించే మనిషిని అక్కణ్ణుంచి పక్కకి పిలవగలిగినవాడు మైదానంలో ఒక్కడూ లేడు.

"విప్పుదామా, నోరీన్ మిస్?" అంది ముందున్న పిల్ల.

"మొదట ఎడమ కాలు," అంది నోరీన్, పట్టీ భుజం మీదికి సర్దుకుంటూ. "ఎవరూ తొందరపడకండి. మనకి బోలెడు టైముంది."